సత్తుగరిటె కలిసిన కంటె

కనక గెలిచిన మొదటి గెలుపు అరకు శుక్రవారం సంతలో ఓ చాపెడు నేల.

అది ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. అంతకుముందు మన కొండ ఆడవాళ్ళు పసుపూ పిప్పళ్ళూ చీపుళ్ళూ మోసుకొచ్చి రోడ్డు అంచున, ఆటో చక్రాల పక్కన కూర్చుని అమ్ముకునేవాళ్ళు. లోపల రేకుల నీడలో మైదానం నుంచి వచ్చిన గాజుల షాపులు, వన్ గ్రామ్ గోల్డు షాపులు. పెళ్ళికి నగ కావాలంటే ఆ రేకుల కిందికే వెళ్ళాలి, వాళ్ళు చూపించిందే కొనాలి. కనక ఒక శుక్రవారం తెల్లారీ తెల్లారకముందే వచ్చి, సరిగ్గా రెండు గాజుల షాపుల మధ్యన చాప పరిచింది. దాని మీద పూసల దండలు, ఇత్తడి కడియాలు, ముక్కుపుడకలు, కొప్పుసూదులు పేర్చుకుని కూర్చుంది. ఆశీలు, అంటే సంత పన్ను, వసూలు చేసే మనిషి వచ్చాడు.

"ఇది నీ సోటు కాదు. లెగు."

"మరెవల్ది?"

"షాపులోలది."

"షాపులోలు కొన్నారేటి?"

"కొన్నేదు. ఎప్పట్నించో కూకుంతన్నారు."

"అయితే నానూ ఈయాల్టి నుంచీ ఎప్పట్నించో కూకుంతాను."

చాప తీసి విసిరేశాడు. మరుసటి వారం కొత్త చాపతో వచ్చింది. అదీ విసిరేస్తే ఆ పై వారం చాప లేకుండా వచ్చి బురదలోనే కూర్చుంది. వానాకాలం వెళ్ళేసరికి ఆశీలు మనిషికి చేతులు నొప్పి పుట్టాయి గానీ కనకకి మోకాళ్ళు నొప్పి పుట్టలేదు. చలికాలం వచ్చేసరికి ఆయనే వచ్చి, అందరి దగ్గరా తీసుకున్నట్టే ఆమె దగ్గరా ఆశీలు తీసుకున్నాడు. సంతలో ఆశీలు కట్టించుకున్నారంటే ఒప్పుకున్నట్టే. రేకుల కింద ఆశీలు కట్టిన మొదటి గదబ ఆడది తురాయిగుడ కనక. ఈ మాట సంతలో ఎవర్నడిగినా చెబుతారు.

రెండో గెలుపు, అడగకుండా అమ్మదన్న పేరు. కనక దగ్గర నగ కొనాలంటే ముందు పరీక్ష పాసవ్వాలని సంతలో నవ్వుకుంటారు. ఎవరికి? ఏ సందర్భానికి? ఆ మనిషి పగలంతా చేత్తో ఏం పని చేస్తుంది? ఇవి చెప్పందే ఆమె చాప మీది వస్తువు కదలదు. బొర్రా వైపు నుంచి ఒక పెళ్ళికొడుకు వచ్చి, కాబోయే పెళ్ళానికి గాజులిమ్మన్నాడు.

"పిల్లేటి సేత్తాది బాబూ?"

"కాఫీ పళ్ళు కోత్తాది."

"మరి గాజులెందుకురా? కొమ్మకి తగులుకుని పగుల్తాయి. మొగుడిచ్చిన గాజు పగిలినాదని సీజనంతా ఏడుత్తాది. ముక్కుపుడకట్టుకెల్లు. ముక్కుకి ఏ కొమ్మా అడ్డం రాదు."

నడుం వంగిన ముసలమ్మకి కానుకగా కూతురు బరువు దండ కొనబోతే ఆమె చేతిలోంచి లాక్కుని తేలిక పూసలు పెట్టింది. పెళ్ళికూతురికి నగ ఎంచడానికి కనకని తీసుకెళ్ళడం అరకు చుట్టుపక్కల రివాజైపోయింది. పాడేరులో మేళా జరిగితే పిలిచి శాలువా కప్పారు. ఆ శాలువాని చలికి కప్పుకుంది తప్ప గోడకి తగిలించుకోలేదు.

ఇక మూడోది, ఎన్నడూ దించని పట్టు. సీజన్లో వచ్చే టూరిస్టులకి మన ఆడవాళ్ళ మెడలో కంటె చూస్తే సరదా. వేలెడు లావు ఇత్తడి కమ్మీ, మెడ చుట్టూ బిగుతుగా పట్టి ఉంటుంది. ఫొటో దిగి ఇచ్చేస్తాం, ఒకటి అద్దెకివ్వమ్మా అంటారు.

"మెడకి పడ్డది దిగదు బాబూ. దిగీదైతే అది కంటె కాదు," అంటుంది కనక.

దానికో పద్ధతి ఉంది మరి. తురాయిగుడలో కంటెని కొనరు, పోయిస్తారు. పెళ్ళికూతురి మేనత్త పూనుకుని అయినవాళ్ళ గడప గడపకీ తిరగాలి. ప్రతి ఇంటి ఆడమనిషీ తన చేతి మీదుగా ఒక లోహపు ముక్క ఇవ్వాలి. విరిగిన కడియమో, అరిగిన మట్టెలో, చెంబు మూతో, ఏదైనా సరే. వియ్యాలవారింటి ఆడమనిషిని కూడా అడగాలి. ఎవరు ఏది పెడితే అది పుచ్చుకోవాలి, ఇదొద్దు అనకూడదు, పుచ్చుకున్నదేదీ కంటె బయట మిగలకూడదు. అన్నీ ఒకటిగా కరిగించి కమ్మీ పోసి, వంచి, పెళ్ళికూతురి మెడకి తొడిగి మూసేస్తాడు పనివాడు. మూసింది మూసినట్టే. మళ్ళీ అది విప్పేది మనిషి పోయాకే.

ఈ కంటె దగ్గరే కనకకి పెద్ద గొడవ వచ్చిపడింది.

కనక తమ్ముడు ఫల్గుణ. చర్చిలో చేరి స్తెఫను అయ్యాడు, పాస్టరు నోట స్తెఫను, అక్క నోట ఇప్పటికీ ఫల్గుణే. అతని కూతురు మెర్లిన్. తల్లి చిన్నప్పుడే పోతే పిల్లని పెంచింది కనకే. మెర్లిన్ చదువుకుని కొండమీది ఆరోగ్య కేంద్రంలో నర్సయింది. అక్కడే ల్యాబులో పనిచేసే ఆల్విన్, ఆ పిల్లా ఇష్టపడ్డారు. ఆల్విన్‌ది పార్వతీపురం. తండ్రి రోనాల్డ్ మాస్టారు రిటైరైన టీచరు, అక్కడి చర్చిలో సంఘ పెద్ద. తల్లి డాలీ. తాతల నాటి నుంచీ మిషన్‌లో ఉన్న కుటుంబం.

ప్రధానం తురాయిగుడలోనే జరిగింది. ఉంగరాలు మార్చుకున్నారు, ప్రార్థన అయింది, పంక్తిలో భోజనాలకి కూర్చున్నారు. రోనాల్డ్ మాస్టారు మజ్జిగ పోసుకుంటూ అందరికీ వినిపించేట్టు అన్నాడు.

"అమ్మాయి బంగారం. ఒక్కటే మనవి. మా ఇంటికొచ్చేటప్పుడు కొండని కొండమీదే వదిలేసి రావాలి. ఆ మెడ కమ్మీలూ అవీ మా బలిపీఠం ముందుకి రాకూడదు."

ఫల్గుణ తల వంచుకుని విస్తరిలో అన్నం కలుపుతూనే ఉన్నాడు, కలిపిందే మళ్ళీ కలుపుతూ. కనక లేచి చెయ్యి కడుక్కుని వచ్చింది.

"బాబూ, కొండని ఎవలైనా ఒగ్గుతారేటి? అది ఎనకాలే వత్తాది. మా పిల్ల మెడలో కంటేసుకునే మీ గుడిమెట్లెక్కుతాది. ఎక్కకపోతే నా పేరు కనక కాదు."

"పందెం వేస్తున్నావా అమ్మా?"

"పందేలు మొగోలకి బాబూ. నాను సెప్తన్నాను, అంతే."

వియ్యాలవారి జీపు దిగువకి వెళ్ళాక ఫల్గుణ అక్క మీద పడ్డాడు. "అప్పా, కుదిరిన సమ్మందం. నీ నోటితో ఇడగొట్టీకు."

"నా నోటితో కాదురా, నీ మౌనంతో ఇడిపోతాది. రేపు నీ కూతురు ఆలింట్లో పండక్కి ఏ పాట పాడాలన్నా అడిగి పాడాల. ఎదురు సెప్పడం ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ నేదు."

కానీ కనక అంత నోరున్నా ఒక పని ముందు చేసింది. మెర్లిన్‌ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అడిగింది. "నా కోసం సెప్పకు గుంటా. నీకు కావాలా, ఒద్దా?"

"అత్తా, నొప్పులతో వచ్చే మన ఆడోళ్ళు ముందు నా మెడకేసి చూస్తారు. ఈ నర్సమ్మ మనదా, కిందదా అని. నేను మన భాషలో నాలుగు మాటలు మాట్లాడేదాకా చెయ్యి పట్టుకోనివ్వరు. నాకు కావాలి."

"మరి నీ మొగుడేటంతాడు?"

ఆల్విన్ ఆ వేళ అక్కడే ఉన్నాడు. "నాకు ఇష్టమే అత్తయ్యా. కానీ నాన్నకి మాత్రం మీరే చెప్పండి."

"ఓలమ్మ, మంచోడే దొరికినాడు," అంది కనక మెర్లిన్‌తో. "ఇష్టం ఆడిది, దెబ్బలు తినే ఈపు మాత్రం నాది."

ఊళ్ళో గడప గడపకీ తిరిగి లోహం పోగుచేసింది. ఒకామె పెళ్ళినాటి మట్టె ఇచ్చింది, ఒకామె ఆవు మెడలోని గంట విప్పి ఇచ్చింది. చర్చికి వెళ్ళే ఆడవాళ్ళు కొందరు తలుపు చాటునుంచి చెయ్యి మాత్రం బయటపెట్టి, పాస్టరుగారికి చెప్పకు అంటూ ఇచ్చారు. ఇక మిగిలింది వియ్యపురాలు. కనక ఘాటీ దిగి, ఎస్.కోట మీదుగా విజయనగరం పోయి, బస్సు మారి పార్వతీపురం చేరింది.

డాలీ గుమ్మంలోనే కుర్చీ వేసింది. వచ్చిన పని విని, నవ్వు ఆపుకుంది.

"మా ఇంట్లో నగలెక్కడివమ్మా? మా అత్తగారు చెవులు కూడా కుట్టించుకోలేదు. నేను పెళ్ళికి పెట్టుకున్నది ఒక్క వాచీ."

"నగే అక్కర్నేదొదినా. మీ సేత్తో ఏదిచ్చినా సరే."

"ఏదిచ్చినా?"

"ఏదిచ్చినా."

డాలీ లోపలికి వెళ్ళి, పిడి విరిగిన సత్తుగరిటె ఒకటి పట్టుకొచ్చింది. అల్యూమినియంది, సొట్టలు పడ్డది, పాత సామాను వాడికి వేయాలని పెట్టింది. "ఇదిగో, మా ఇంటి ఆభరణం," అంది. లోపల వంటగదిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

కనకకి అర్థం కాలేదనుకుంటే పొరపాటు. చెవుల దాకా వేడెక్కింది. కానీ చెయ్యి చాపి గరిటె అందుకుని, కొంగున కట్టుకుంది.

"సల్లగుండొదినా. దీంతో ఎంతమందికి వడ్డించుంతావో. మా పిల్లకి అన్నానికి లోటుండదు."

మెట్లు దిగి, బస్టాండు దాకా వెనక్కి చూడలేదు. బస్సులో కొనుక్కున్న బజ్జీలు ఒళ్ళోనే చల్లారిపోయాయి.

మన వైపు కంటెలు పోసే పనివాడు ఇంక ఒక్కడే మిగిలాడు, ఒరిస్సా సరిహద్దు దగ్గరి గాసి. కొలిమి, తిత్తి, దాగలి, ఇంతే అతని ఆస్తి. కనక పోసిన ముక్కల్ని కాలితో అటూ ఇటూ కదిపి చూసి, గరిటె దగ్గర ఆగాడు.

"ఇది కలవదప్పా. ఇత్తడిలో సత్తెక్కువ పడితే పెళుసెక్కిపోతాది."

"కలుపు."

"ఇరుగుతాదని సెప్తన్నాను."

"దీన్ని ఒగ్గేత్తే ఆవిడే గెలిసినట్టు. ఆవిడ సేత్తో ఇచ్చింది ఆవిడ కోడలి మెడలో ఏలాడాల. కలుపు."

ఈ తప్పు ఇంకో ఊళ్ళో ఎవరూ చెయ్యరు. వేరేవాళ్ళయితే గరిటె కాలవలో పారేసి, ఇచ్చిందని మాత్రం చెప్పుకునేవాళ్ళు. పుచ్చుకున్నది మిగలకూడదన్న మాట కనకకి పుట్టుకతో ఎక్కింది, దాని మీద ఆమె పంతం ఎక్కింది. గాసి ఒక్కసారే అన్నీ మూసలో వేసి కరిగించాడు. కమ్మీ పాలిపోయిన రంగులో వచ్చింది. చల్లార్చి, కాల్చి, కొట్టి, దాగలి మీద వంచుతుంటే ఎండువెదురులా ఫట్‌మని రెండైంది. మళ్ళీ కాల్చి వంచితే మూడైంది.

కొలిమి చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళు ముక్కుమీద వేలేసుకున్నారు. ఇచ్చిన మట్టెలూ గంటా అందరివీ దానిలోనే పాడయ్యాయి. పెళ్ళి ఆ వారంలోనే. అయినవాళ్ళని రెండోసారి లోహం అడగడం చావుకి అడిగినట్టని మన ఊళ్ళో శంక. ఇక అడిగే దారి లేదు.

ఫల్గుణ పరుగున వచ్చి ముక్కలు చూశాడు. "సూసినావా అప్పా? దేముడే ఒద్దన్నాడు. ఇంక ఒగ్గీ."

"దేముడికి గరిటెల గొడవెందుకురా? ఇరిసింది నా తిక్క." ముక్క చేతిలోకి తీసుకుంది. "నానే ఇరిసినాను. నానే అతికిత్తాను. గాసీ, దారేటి సెప్పు."

గాసి ఇంకో ముక్కని గోరుతో గీసి చూశాడు. "మంచి ఇత్తడి ఉంటే ఒక దారుంది. పాలల్లో మజ్జిగ తోడేసినట్టు, ఈ ఇరిగినదాంట్లోంచి సిన్న ముక్క ఆ ఇత్తడిలో ఏత్తాను. అంత కొంచెమైతే పెళుసెక్కదు. అందరిదీ కరిగి ఒకటైపోనాది గదా, ఆ ముక్కలో అందరూ ఉన్నారు. ఎవల్నీ ఒగ్గినట్టు కాదు."

"మిగిలిన ముక్కలో?"

"పోరగుంట మొలతాడుకి మువ్వలు పోత్తాను, ఆలకి పిల్లలు పుట్టినాక. కంటె బయటున్నా మన పిల్ల ఇంట్లోనే ఉంతాది గదా. కానీ మంచి ఇత్తడి బజార్ది పనికిరాదు. ఒంటి మీదిదో ఇంట్లోదో అవ్వాల. కంటెకి సరిపడా ఎవలిత్తారు?"

కనక చెయ్యి తన మెడలోని కంటె మీదికి వెళ్ళింది.

"ఇది ఇప్పు."

గాసి చేతిలో పట్టకారు కింద పడింది. "బతికున్న మడిసి కంటె నా తాత ఇప్పనేదు. నా అయ్య ఇప్పనేదు."

"నీ తాత నన్ను సూడనేదు గదా."

"ఊరేటంతాదప్పా?"

"ఊరెప్పుడూ ఏదోటి అంతాది. అనడానికి దానికీ ఏదో ఒకటి ఉండాల గదా, ఇది అనుకుంతాది."

ఒక ముసలామె ముందుకొచ్చి, మొగుడు బతికుండగా మెడ బోసి చేసుకుంటావా అని తిట్టింది. కనక మొగుడు భీముడు కాఫీ తోట పని మానుకుని, తిత్తి ఊదడానికని వచ్చి ఆ పక్కనే ఉన్నాడు. అందరూ అతని వంక తిరిగారు. భీముడు బీడీ చెవిమీద పెట్టుకున్నాడు.

"ఇప్పీ గాసీ. మెడ కాళీ అయితే ఏటి, నోరు కాళీ అవదు గదా."

కొలిమి దగ్గర నవ్వులు. తిట్టిన ముసలామె కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కంటె విప్పడం మాటలు కాదు. రెండు కొసలకీ తాళ్ళు కట్టి, ఇద్దరు అటూ ఇద్దరు ఇటూ పట్టుకుని లాగాలి. మెడకీ కమ్మీకీ మధ్య గుడ్డలు కుక్కారు. కనక రాయి మీద కూర్చుని కళ్ళు తెరుచుకునే ఉంది. "లాగండిరా, గొడ్డుకి పలుపు ఇప్పినట్టు లాగుతారేటి, బలం నేదా?" అని కసిరింది. కంటె వదిలాక మెడ చుట్టూ తెల్లటి పట్టీలా మచ్చ కనిపించింది. పెళ్ళినాటి నుంచీ ఎండ తగలని చోటు. ఒకసారి తడుముకుంది, అంతే. కంటెని తనే మూసలో వేసింది.

ఈసారి కమ్మీ పసుపుకొమ్ములా వచ్చింది. వంచితే వంగింది. పెళ్ళివాళ్ళు పార్వతీపురం బయలుదేరే ముందురోజు గాసి మెర్లిన్ మెడకి దాన్ని తొడిగి మూశాడు. సరిచూసి, "మళ్ళీ నన్ను పిలవకండి," అన్నాడు. అదే అతని దీవెన.

పెళ్ళి రోజు చర్చి వాకిట్లో తెల్లచీర, ముసుగు, చేతిలో పూలగుత్తి, మెడలో పచ్చగా మెరుస్తున్న కంటెతో మెర్లిన్ కారు దిగింది. రోనాల్డ్ మాస్టారు మెట్ల మీదే అడ్డం నిలబడ్డాడు.

"ఈ ఇనుమేమిటి?"

"ఇత్తడి బాబూ," అంది కనక.

"నేను ప్రధానం రోజే చెప్పాను."

"నానూ ప్రదానం రోజే సెప్పినాను."

మాస్టారి కళ్ళు కనక మెడ మీద పడ్డాయి. మెడ బోసిగా ఉంది. "విప్పడం కుదరదంటారు, మరి నీది విప్పారే? ఇదీ విప్పించు."

"నాది నాను ఇప్పించుకున్నాను. ఆ గుంటది ఆ గుంట ఇప్పించుకోవాల. ఎదురుగానే ఉంది, అడగండి."

మెర్లిన్ ముసుగు కొంచెం పైకెత్తింది. "నేను విప్పించుకోను మామయ్యా. ఇది లేకుండా లోపలికి రాను."

బలగమంతా మూగింది. ఫల్గుణ ఈసారి తల వంచుకోలేదు. కూతురి పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఆల్విన్ సూటు బొత్తాం విప్పుతూ పెట్టుకుంటూ, "నాన్నా, పాస్టరుగారు పిలుస్తున్నారు," అన్నాడు. మాస్టారు వినిపించుకోలేదు. ఎదురుగా రోడ్డవతల వెల్డింగు షాపు ఉంది. "కోత మిషను పట్టుకు రమ్మనండి. గుడ్డ అడ్డం పెట్టి జాగ్రత్తగా కోసేస్తాడు," అన్నాడు.

అప్పుడు కనక గొంతు పెంచింది. సంతలో అవతలి వరసకి వినిపించే గొంతు అది.

"కోయించండి బాబూ! ఇందులో మా ఊరి ఆడోలందరూ ఉన్నారు, కోయించండి. నా మెడలోది ఉంది, కోయించండి. మీ ఇల్లాలు తన సేత్తో ఇచ్చిన కానుకా ఉంది. ఆవిణ్ణొక్క మాటడిగి కోయించండి."

మాస్టారు ఆగిపోయాడు. "డాలీ ఇచ్చిందా?"

చర్చి ఆడవాళ్ళంతా డాలీ వైపు తిరిగారు. "డాలమ్మగారూ! కోడలికి కానుకిచ్చి మాకు చెప్పనేలేదే! వెండా అండీ?" అని ఒకామె. "ఈవిడంతే, కుడిచేత్తో ఇస్తే ఎడంచేతికి తెలీనివ్వదు," అని ఇంకొకామె మెచ్చుకోలు.

డాలీ ముఖంలో రంగులు మారాయి. కనక వంక చూసింది. ఎన్నడూ మూతపడని కనక నోరు ఆ ఒక్క క్షణం మూతపడింది. గరిటె మాట చెప్పాలో మానాలో ఇక వియ్యపురాలి ఇష్టం. చెబితే సంఘం ముందు తనే నవ్వులపాలు. కోయిస్తే ఏమిచ్చావు, ఎందుకు కోయించావు అని ప్రతి ఆదివారం ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

"ఏదో... ఇంట్లో వాడుకున్న వస్తువేలెండి," అంది డాలీ. "మా అత్తగారి కాలం నాటిది." భర్త వైపు తిరిగింది. "ఇచ్చాక మళ్ళీ కోయించడమేమిటండీ, అసహ్యంగా? దారివ్వండి. ఎండలో పిల్ల నిలబడింది. పాట ఎత్తుకోమనండి."

మాస్టారు పక్కకి జరిగాడు. పూర్తిగా కాదు, ఒక మనిషి పట్టేటంత. మెర్లిన్‌కి అది చాలు.

ఆల్విన్ కట్టిన సిలువ తాళి కంటెకి దిగువన వేలాడింది. పాస్టరు ప్రార్థనలో కంటె మాట ఎత్తలేదు, కాదనీ అనలేదు. ఆ చర్చిలో కంటెతో పెళ్ళి చేసుకున్న మొదటి పిల్ల మెర్లిన్. చేయించింది కనక.

భోజనాల దగ్గర డాలీ చేపల కూర వడ్డిస్తూ కనక విస్తరి ముందు ఆగింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అడిగింది.

"నిజంగానే కలిపారా?"

"తోడంత."

"పగల్లేదా?"

"ఓపాలి పగిలినాది. మీ దెబ్బకే."

డాలీ ఇంకో ముక్క వేసింది. పెద్ద ముక్క. క్షమాపణ అని ఆమె అనలేదు, క్షమించానని ఈమె అనలేదు. ఇద్దరూ అలాంటివాళ్ళు కారు.

అన్నీ సర్దుకున్నాయని రాయడం అబద్ధం. రోనాల్డ్ మాస్టారు ఇవాళ్టికీ కనక పేరు నోట అనడు, "ఆ కొండావిడ" అంటాడు. కంటె విప్పించుకున్నదని తురాయిగుడలో కొన్ని ఇళ్ళు కనకని పెళ్ళిపసుపు దంచడానికి పిలవడం మానేశాయి. పిలవకపోయినా తన రోకలి తనే పట్టుకుని వెళ్ళింది. "మీరు మర్సిపోనారేమో అని వొచ్చినాను," అంది. వాకిట్లోకి వచ్చిన మనిషిని పొమ్మనే ఇల్లు మన కొండ మీద లేదు. దంచింది. బోసి మెడకేసి ఎవరైనా చూస్తే తనే చూపించి, "ఇది పార్వతీపురంలో ఉంది, సూడాలంటే టిక్కెట్టు కొనుక్కెల్లండి," అంటోంది.

ఆ పెళ్ళికి వచ్చిన చర్చి ఆడవాళ్ళలో కురుపాం పై కొండల నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ అమ్మమ్మల మెడల్లో కంటెలుండేవి. మతంలోకి వచ్చిన కొత్తల్లో తీసేశారు, తరవాత వాటి ఊసే లేదు. మెర్లిన్ పెళ్ళయిన మూడోనాడే వాళ్ళలో ఇద్దరు ఆమెని వెతుక్కుంటూ అత్తవారింటికి వెళ్ళారట. ఈస్టరు దాటాక మా పిల్లల పెళ్ళిళ్ళున్నాయి, మీ మేనత్తని ఓసారి పంపుతావా అని అడిగారు. మెర్లిన్ ఫోన్ చేసింది.

"అత్తా, వస్తావా? ఈస్టరు ముందొచ్చే శ్రమల దినాల్లో పెళ్ళిళ్ళుండవు గానీ లోహం పోగుచెయ్యొచ్చు కదా. కానీ వాళ్ళ పాస్టర్లు ఒప్పుకుంటారో లేదో."

"ఒప్పుకోకపోతే మరీ బేగి వత్తాను," అంది కనక.

గాసి ముందు రానన్నాడు. "మల్లీ నన్ను పిలవొద్దన్నాను గదప్పా," అన్నాడు. "ఆ మెడకి గదా అన్నావు, ఇవి ఏరే మెడలు," అని అతని తిత్తి తనే నెత్తిన పెట్టుకుని నడిచింది. వెనక సుత్తీ పట్టకారూ పట్టుకుని గొణుక్కుంటూ గాసి. బస్సు ఎక్కేముందు భీముడికి ఒక్కటే చెప్పింది, గడప గడపకీ తిరగాలి గనక ఎన్ని గడపలుంటే అన్ని రోజులని. అలా చెప్తే కుదరదని భీముడు బస్సు కిటికీ పట్టుకుని తేదీ చెప్పించుకున్నాడు. ఆ తేదీనే అడిగిన వాళ్ళందరికీ చెబుతున్నాడు. పిలవడం మానేసిన ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి అడిగి వెళ్ళారు. రాబోయే పెళ్ళిళ్ళకి నగలెంచే మనిషి కావాలి కదా.

కనక తిరిగి వచ్చేది 2026 మార్చి 9, సోమవారం.